కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే ముందు పోస్టు తేల్చుకోండి

"మేడమ్, పాస్‌పోర్టు మీద ముద్ర వేసేది మీరేనా?" కస్టమ్స్‌లో చేరతామని వచ్చే పిల్లల్లో సగం మంది ఇలాగే మొదలుపెడతారు. కాదమ్మా, అది ఇమిగ్రేషన్, హోం శాఖ కింద ఉంటుంది. కంచె దగ్గర కాపలా బీఎస్ఎఫ్‌ది, ఎయిర్‌పోర్టులో మెటల్ డిటెక్టర్ పట్టుకునేది సీఐఎస్ఎఫ్. మేం ఆర్థిక శాఖ మనుషులం. మా బోర్డు పేరు సీబీఐసీ, అంటే కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు. దేశంలోకి వచ్చే, బయటికి పోయే సరుకు మా పని. మీకు తుపాకీ మీద మోజు ఉంటే ఇది మీ దారి కాదు. ఇక్కడ కాగితాలే ఎక్కువ.

డిగ్రీ ఉన్నవాళ్లు ఇన్‌స్పెక్టర్‌గా రావడానికి దారి సీజీఎల్, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) డిగ్రీ వాళ్లకు పెట్టే పరీక్ష. పదో తరగతితో రావాలంటే ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్)తో కలిపి పెట్టే హవల్దార్ పరీక్ష ఉంది, దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు. పైనుంచి రావాలంటే సివిల్స్ రాసి ఐఆర్ఎస్ (ఇండియన్ రెవెన్యూ సర్వీస్). వాళ్ల శిక్షణకే మన శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరిలో పెద్ద అకాడమీ ప్రారంభించారు. నాకు బాగా తెలిసింది ఇన్‌స్పెక్టర్ దారి కాబట్టి దాని గురించే చెబుతాను.

సీజీఎల్‌లో ఇన్‌స్పెక్టర్ పేరుతో మాకు మూడు పోస్టులుంటాయి. మూడింటికీ జీతం ఒకటే, లెవెల్ 7, బేసిక్ 44,900. పని మాత్రం ఒకటి కాదు. సెంట్రల్ ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ పేరులో ఎక్సైజ్ ఉన్నా ఇప్పుడు చేసేది ఎక్కువగా జీఎస్టీ. కొన్ని జోన్లలో వీళ్లనే ఎయిర్‌పోర్టు డ్యూటీకీ పంపుతారు. ప్రివెంటివ్ ఆఫీసర్ తెల్ల యూనిఫాంలో పోర్టులో, ఎయిర్‌పోర్టులో ఉంటాడు. ఓడ ఎక్కి సోదా చేయడం, ప్రయాణికుల బ్యాగులు చూడటం, స్మగ్లింగ్ పట్టుకోవడం అతని పని. ఎగ్జామినర్ కంటైనర్ తెరిపించి, బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి చేసుకునేవాళ్లు ఇచ్చే సరుకు వివరాల పత్రంలో, రాసిన సరుకూ లోపల ఉన్న సరుకూ ఒకటేనా అని చూస్తాడు. పదోన్నతిలోనూ దారులు వేరు, ప్రివెంటివ్ వాళ్లు సూపరింటెండెంట్లు అవుతారు, ఎగ్జామినర్లు అప్రైజర్లు అవుతారు. ప్రివెంటివ్, ఎగ్జామినర్ ఖాళీలు కొన్ని నగరాల్లోనే ఉంటాయి. ఇంటికి దగ్గరగా ఉండాలా, పని నచ్చాలా అన్నది ఏ పోస్టు ముందు, ఏది తర్వాత అని ప్రిఫరెన్స్ ఇచ్చే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆ వరుస ఒకసారి పంపాక మార్చుకునే వీల్లేదు. చేరాక జోన్ మార్పించుకుందాంలే అన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

పరీక్ష సంగతి కోచింగ్ వాళ్లు రోజూ చెబుతూనే ఉంటారు, నేను ఒక్క లెక్క చూపిస్తాను. మొదటి దశ టైర్-1 దాటడానికే, ర్యాంకు వచ్చేది రెండో దశ టైర్-2లో. అక్కడ లెక్కలు 90 మార్కులు, రీజనింగ్ 90, జనరల్ అవేర్‌నెస్ 75, ఇంగ్లీషు 135. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషుకు భయపడి లెక్కల్లోనే మునిగిపోతారు, ర్యాంకు మాత్రం ఇంగ్లీషు దగ్గర జారిపోతుంది. కంప్యూటర్, టైపింగ్ అర్హతకు మాత్రమే. అలాగని వదిలేస్తే మొత్తం పోతుంది. పదిహేను నిమిషాల్లో రెండు వేల కీ డిప్రెషన్లు (కీ నొక్కడాలు), నెల రోజులు రోజూ కాసేపు కొడితే చేతికి వచ్చేస్తుంది.

ఎస్ఎస్‌సీలో 2016 నుంచి ఇంటర్వ్యూ లేదు. మరి "పైన మాట్లాడి పెడతాం" అని లక్షలు అడిగేవాడు ఎక్కడ మాట్లాడతాడు? అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, మాజీ సైనికులకు దరఖాస్తు ఫీజు కూడా లేదు, మిగతావాళ్లకు వంద రూపాయలు.

శరీర కొలతలు ముందే చూసుకోండి, ఇది చాలామంది చివర్లో చూస్తారు. అబ్బాయిలకు ఎత్తు 157.5 సెంటీమీటర్లు, ఛాతీ గాలి పీల్చినప్పుడు 81. అమ్మాయిలకు ఎత్తు 152, బరువు 48 కిలోలు. ఎస్టీలకు కొంత సడలింపు ఉంది. అబ్బాయిలు 1600 మీటర్లు పదిహేను నిమిషాల్లో, అమ్మాయిలు కిలోమీటరు ఇరవై నిమిషాల్లో నడవాలి. నడక ఎవరికైనా వస్తుంది. అమ్మాయిలకు టెన్షన్ పెట్టేది బరువే, పుస్తకాల మీద కూర్చుని తిండి మానేసి చిక్కిపోతారు. ఎత్తు తక్కువైతే చేసేదేం లేదు, అప్పుడు అదే సీజీఎల్‌లో కొలతలు అడగని పోస్టులు ముందు పెట్టుకోండి.

అమ్మాయిలకు ఇంకో మాట. కస్టమ్స్ చట్టం ప్రకారం ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. కాబట్టి రాత్రి షిఫ్టులోనూ మన అవసరం తప్పదు, మొహమాటంతో ఎవరో ఇచ్చిన సౌకర్యం కాదిది. ఇంట్లో వాళ్లకు నైట్ డ్యూటీ సంగతి ఉద్యోగం వచ్చాక కాకుండా, ఇప్పుడే చెప్పి ఒప్పించుకోండి.

అసలు నైపుణ్యం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మామూలు ప్రశ్న అడగడం. ఎన్ని రోజులు ఉన్నారు, ఏం పని మీద వెళ్లారు, బ్యాగు ఎవరు సర్దారు? గొంతు పెంచక్కర్లేదు. జవాబును టికెట్‌తో, బ్యాగు బరువుతో పోల్చి చూస్తే చాలు. రెండోది రాయడం. బంగారం పట్టుకున్న చప్పుడు ఆ రోజు టీవీలో వస్తుంది, కేసు నిలబడేది మాత్రం పంచనామా మీద. ఎన్ని గంటలకు మొదలైంది, సాక్షులు ఎవరు, ఏ సంచిలో ఏ అరలో దొరికింది, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ముందు సోదా కోరే హక్కుందని ఆ మనిషికి చెప్పారా లేదా. ఇందులో ఒక గంట తేడా వచ్చినా అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. ఇప్పటినుంచే సాధన చేయండి. మీ బ్యాగు బోర్లించి, కనబడినవి కనబడిన వరుసలో ఇంగ్లీషులో అర పేజీ రాయండి. "ఖరీదైన ఫోన్" అని రాయకండి, కంపెనీ, రంగు, మోడల్ రాయండి.

అలాగే సుంకాల పట్టిక ఒకసారి తిప్పి చూడండి. ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ అధ్యాయం. బంగారం 71లో, టీ, మసాలాలు 9లో, ఫోన్లు 85లో. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటీ ఏ అధ్యాయమో వెతుకుతుంటే ఆటలా ఉంటుంది, ఎగ్జామినర్ పని మీకు నచ్చుతుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. విసుగొస్తే ఆ పోస్టును వరుసలో కిందికి దించండి.

చేరాక రెండేళ్లు ప్రొబేషన్, ఆలోపు డిపార్ట్‌మెంటల్ పరీక్ష. సీజీఎల్ అయిపోయిందని పుస్తకాలు అమ్మేసినా ఫర్వాలేదు, కస్టమ్స్ చట్టం 1962 బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) మాత్రం కొనుక్కోండి. సమన్లకు 108, జప్తుకు 110, ఈ రెండు సెక్షన్లతో మొదలుపెట్టండి.