తాగే అలవాటున్నవారి ఎముకల నొప్పులు: సమస్య - పరిష్కారం

కోనసీమలో పొలం పనికో, కొబ్బరి దింపుకో, చేపల చెరువు మీదకో వెళ్లే మనిషి ఒళ్లు నొప్పులంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాతమనుకుని, సాయంత్రం ఓ క్వార్టర్ వేసి పడుకుంటారు. ఆ 180 మిల్లీలీటర్ల విస్కీలోనో బ్రాందీలోనో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. రోజూ అందులో సగం పడినా ఎముక విరిగే ముప్పు ఉన్నట్టే డాక్టర్లు లెక్కేస్తారు.

సమస్య: గజ్జల్లో నొప్పి, బాసింపట్టు వేసుకోలేకపోవడం

నొప్పి గజ్జల్లో మొదలై తొడ ముందు నుంచి మోకాలి దాకా దిగుతుంది. భోజనాలకు కింద కూర్చోబోతే ఒక మోకాలు నేలకు ఆనదు, పైకే నిలబడిపోతుంది. చాలామంది ఆ మోకాలికే తైలం రాస్తూ నెలలు గడిపేస్తారు.

కారణం: తుంటి గిన్నెలో తిరిగే తొడ ఎముక తలకు రక్తం అందకపోవడం. ఏళ్ల తరబడి తాగితే మజ్జలో కొవ్వు పేరుకుని, సన్నటి రక్తనాళాల్లో రక్తం ఆడదు. లోపల ఎముక చచ్చిపోయి, తర్వాత కుంగుతుంది. నొప్పి తగ్గాలని ఆర్‌ఎంపీ దగ్గర మాటిమాటికీ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. మొదట్లో అందులో ఏమీ కనిపించదు, ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. రెండో తుంటికీ రావచ్చు కాబట్టి రెండూ చూపించుకోవాలి. ఎముకల డాక్టరుకు ఎంత తాగుతారో, ఎన్నేళ్లుగానో ఉన్నదున్నట్టు చెప్పండి. పక్కన మావగారున్నారని "ఎప్పుడో పండక్కండీ" అంటే డాక్టరు వేరే దారిలో వెతుకుతారు. తొడ ఎముక తల కుంగకముందే బయటపడితే, ఆ ఎముకలోకి రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే కోర్ డికంప్రెషన్ అనే ఆపరేషన్‌తో సొంత కీలు నిలబెట్టుకునే అవకాశం ఉంది. బాగా కుంగిపోయాక సాధారణంగా తుంటి మార్పిడే.

సమస్య: బస్తా ఎత్తగానే నడుం పట్టేయడం, వీపు వంగడం, ఎత్తు తగ్గడం

కారణం: ఎముకను కట్టే కణాలు మద్యం వల్ల మందగిస్తాయి, మగవారిలో ఎముకలకు అవసరమైన టెస్టోస్టిరాన్ హార్మోన్ తగ్గుతుంది. "ఎండలో పనిచేసేవాడికి డి విటమిన్ తక్కువేంటి?" అంటారు గానీ, ఎండకు తయారైన డి ముందు లివర్‌లో, తర్వాత కిడ్నీల్లో మారితేనే ఒంటికి పనికొస్తుంది. లివర్ చెడితే మొదటి మెట్టులోనే దెబ్బ.

పరిష్కారం: ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, డి విటమిన్ పరీక్ష. ఆ స్కాన్‌లో వచ్చే టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి. 60,000 యూనిట్ల డి సాచెట్లు డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. తిండిలో మజ్జిగ, నువ్వులు, ముళ్లతో సహా నమిలేసే చేదుపరిగెలు మంచివి. పండుగొప్ప ఎంత రుచైనా, ముల్లు తీసి పారేశాక అందులో కాల్షియం పెద్దగా మిగలదు.

సమస్య: విరిగిన ఎముక ఎంతకీ అతకకపోవడం

కారణం అదే, మద్యం. బీడీయో చుట్టో తోడైతే మరీ ఆలస్యం. కట్టు ఉన్నన్నాళ్లైనా రెండూ ఆపాలి.

సమస్య: అరికాళ్లు మొద్దుబారి, గట్టు మీద తూలడం

నరాలు దెబ్బతిన్నాయన్నమాట. బి1 విటమిన్ లోపం ఉందేమో చూపించాలి. రాత్రిపూట చెరువు కాపలాకు ఒంటరిగా పంపకండి.

మానేటప్పుడు జాగ్రత్త

రోజూ బాగా తాగే మనిషి చేత ఇంట్లోవాళ్లు ఒట్టేయించి ఒక్కసారిగా ఆపించడం ప్రమాదం. మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ ఫిట్స్‌లో వెన్నుపూసలు విరిగినవాళ్లూ ఉన్నారు. ముందే డాక్టరుతో మాట్లాడండి, లేదా మత్తు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. ఆ రోజుల్లో ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నట్టు మాట్లాడినా వెంటనే 108ని పిలవండి.