దూరపు ట్రెక్‌లో దారి తప్పకుండా: బయల్దేరే ముందు, బాట మీద

బాట ఎలా ఉందో ఎవరు చెప్పినా, ఎప్పుడు చూశారో ముందు అడగండి. ఆ తర్వాత ఒక్క గట్టి వాన పడినా ఆ కబురు పాతదే. వంతెన నిలిచి ఉందా, వాగు ఎంత లోతుంది, చెట్లు అడ్డంగా కూలాయా, మంచు ఏ ఎత్తు నుంచి మొదలవుతోంది, తాగునీటి ఊటలు ఎండాయా అని విడివిడిగా అడగాలి. ‘దారి బాగానే ఉంది’ అన్న జవాబు ఎందుకూ పనికిరాదు.

ఎంత సమయం పడుతుందో తెలియడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ చాలు: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. 15 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉంటే నాలుగున్నర గంటలు. విశ్రాంతి, బరువు సంచి, మెత్తటి మంచు ఇందులో లేవు. వాటికి అదనంగా కలుపుకోండి.

ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నాక ఇంట్లోనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పెద్దది చేసి చూడండి. జీపీఎస్‌కు నెట్‌వర్క్ అక్కర్లేదు, కానీ మ్యాప్ సగమే దిగి ఉంటే తెల్లటి తెర మీద చుక్క ఒక్కటే కనిపిస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ను లోపలి జేబులో ఉంచండి. కాగితం మ్యాప్, కంపాస్ కూడా ఉండాల్సిందే. కంపాస్ పట్టుకున్నప్పుడు ఫోన్ దూరంగా ఉండాలి, దానిలోని అయస్కాంతం ముల్లును లాగుతుంది. కంపాస్ ముల్లు చూపే అయస్కాంత ఉత్తరానికీ మ్యాప్‌లోని అసలు ఉత్తరానికీ మధ్య తేడాను సరిచేసుకోకపోతే, 10 డిగ్రీల తప్పుకు కిలోమీటరు నడిచేసరికి సుమారు 175 మీటర్లు పక్కకు పోతారు. కాంటూరు గీతల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల) మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉన్న మ్యాప్‌లో 15 మీటర్ల కొండచరియ అసలు కనిపించకపోవచ్చు. గీతలు దూరంగా ఉన్నాయని ధీమా వద్దు.

బాట తప్పిపోయే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: కూలిన చెట్టును చుట్టి వెళ్లాక, వాగు అవతలి గట్టున, బండల మీద, మెలిక తిరిగే మలుపులో. కొమ్మలు పదేపదే ముఖానికి తగులుతుంటే అది జంతువుల దారి కావచ్చు. దిగేటప్పుడు మరీ జాగ్రత్త. ఎక్కేటప్పుడు గుట్ట వెన్నులన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి, దిగేటప్పుడు విడిపోతాయి. అందుకే పైనే ఆగి, దిగాల్సిన దిక్కును కంపాస్‌తో సరిచూసుకోండి. తర్వాత ఏం రావాలో, ఏది వస్తే దాటిపోయినట్టో ముందే అనుకుని నడవండి: ‘అరగంటలో ఎడమవైపు వాగు, రోడ్డు తగిలితే ఎక్కువ వచ్చేశాం’ అన్నట్టు.

పది నిమిషాలుగా ఏ గుర్తూ కనిపించకపోతే ఆగి, చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి రండి. అడ్డదారిన బాటను కలుసుకుందామనుకుంటే తప్పు పెరుగుతుంది. వాగు వెంట కిందికి దిగితే ఊరు వస్తుందన్న మాట నమ్మొద్దు, ముందు జలపాతమో లోయ అంచో రావచ్చు.

మంచు కరిగి పారే వాగులను తెల్లవారుజామునే దాటాలి. మధ్యాహ్నం దాటాక నీరు పెరుగుతుంది. ఇరుకైన చోటు కాదు, వెడల్పుగా పాయలుగా చీలిన చోటు వెతకండి. సంచి నడుము, ఛాతీ పట్టీలు విప్పి, ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్ర ఆనించి పక్కకు అడుగులు వేయండి. వేగంగా పారే నీరు మోకాలు దాటితే తిరిగి రండి. దిగువన జలపాతం గానీ చిక్కుకున్న దుంగలు గానీ ఉన్న చోట లోతు తక్కువైనా దిగొద్దు.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి రాకపోతే కబురు చేయాలో ఇంట్లో రాసి ఇవ్వండి. సాయం కావాలంటే నిమిషంలో ఆరు విజిళ్లు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. రాత్రయితే టార్చ్‌తో అదే లెక్క.