నామసామ్యాన్ని తేల్చే విధానం – మూడవ పాఠం: చెన్నై పేటల పేర్లు

ఇంటిపేరును ఆధారంగా తీసుకొని ఒకే పేరుగల ప్రముఖులను వేరు చేయడం గత పాఠంలో అభ్యసించాం. చెన్నైలో నివసించే తెలుగువారికి ఆ ఆధారం చాలాసార్లు అక్కరకు రాదు. ఇక్కడి వీధులకు, పార్కులకు ఉన్న పేర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలి ఉంటుంది, లేదా పూర్తిగా జారిపోయి ఉంటుంది. అందుచేత ఇంటిపేరు లేకుండానే మనిషిని గుర్తించడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

మొదట టి.నగర్‌ను తీసుకోండి. త్యాగరాయ నగర్ అనగానే మనవారిలో చాలామందికి కాకర్ల త్యాగరాజస్వామి స్ఫురిస్తారు. ఆయన కీర్తనలు తెలుగువి కనుక ఆ అభిమానం సహజమే. ఆయన 1767–1847 మధ్య జీవించారు, పేట వెలసినది 1920ల్లో. అయితే ఈ ఎడం ఒక్కటే చూసి ఆయన కాదని తేల్చకూడదు, ఎందుకంటే ఏనాడో గతించిన పెద్దల పేర్లు కొత్త పేటలకు పెట్టడం మనకు మామూలే. ఫలకం మీద 'రాజ' కాక 'రాయ' అని ఉండటం కూడా సూచన మాత్రమే. ఒక్క అక్షరాన్ని నమ్మి తీర్పు చెప్పవద్దు. ఇప్పుడు ఇరుగుపొరుగు పేర్లు చదవండి. పానగల్ పార్కు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా ఉన్న పానగంటి రామరాయణింగారి పేరిట ఉంది. నటేశన్ పార్కు నటేశ ముదలియార్‌ను, డాక్టర్ నాయర్ రోడ్డు టి.ఎం.నాయర్‌ను తలపిస్తాయి. వీరంతా జస్టిస్ పార్టీ పెద్దలు. 1916లో ముదలియార్, నాయర్‌లతో కలిసి ఆ పార్టీకి పునాది వేసినవారు పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925). పేట పేరు ఆయనదే. సినీ గాయకుడు ఎం.కె.త్యాగరాజ భాగవతార్ విషయంలో ఇంత శ్రమ అక్కరలేదు: ఆయన 1910లో పుట్టారు, పేట రూపుదిద్దుకునే నాటికి ఇంకా పిల్లవాడే.

మైలాపూరు లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కు ఇంతకంటే తేలిక. సినిమా అభిమానులు అక్కినేని పేరు చెప్పడానికి తొందరపడతారు గాని, ఇక్కడ చూడవలసినది ఆ చోటుతో ఎవరికి సంబంధం ఉందన్నది. 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంస్థ లజ్ చర్చి రోడ్డులోనే ఉండేది. పార్కు పేరు ఆయనదే. ఆయన 1938లో కన్నుమూశారు. అక్కినేని వెండితెర జీవితం 1940ల్లో మొదలైంది.

పొడి అక్షరాల చిక్కు వేరు. 'కె.వి.రెడ్డి' అని పాత మద్రాసు ప్రస్తావనలో కనిపిస్తే, ఆయన 1937లో మూడు నెలలకు పైగా ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా ఉన్న కూర్మా వెంకటరెడ్డి నాయుడు కావచ్చు, సినీ దర్శకుడు కదిరి వెంకటరెడ్డి కావచ్చు. ఇద్దరికీ 'కె' ఇంటిపేరుదే కనుక దాన్ని విప్పనిదే పని జరగదు. చివరి 'నాయుడు' ఉందో లేదో చూస్తే చాలుననిపిస్తుంది గాని, ఇటువంటి తోకపదాలను రాసేవారు తమ ఇష్టానుసారం వదిలేస్తుంటారు. వాక్యంలో శాసనసభ ఉందా, స్టూడియో ఉందా అని చూడటమే మేలు.

అభ్యాసం: గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకుడు, కోడి రామమూర్తి (1882–1942) మల్లయోధుడు. ఇద్దరూ ఉత్తరాంధ్రవారే, దాదాపు ఒకే కాలంవారే. ఇంటిపేరు లేకుండా 'రామమూర్తిగారికి సన్మానం' అన్న శీర్షిక ఒకటి పాత పత్రికలో కనిపించిందనుకోండి. వార్తలో ఏయే వివరాల కోసం వెతుకుతారో, వాటిని ఏ వరుసలో పరిశీలిస్తారో ఐదు వాక్యాల్లో రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే ప్రారంభమవుతుంది.