ప్రేమ పెళ్లికి ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడం ఎలా?

అనంతపురంలో సైకాలజీ చెప్పే నా దగ్గరికి, ప్రేమ విషయం ఇంట్లో చెప్పి తిట్లు తిన్న పిల్లలు వస్తుంటారు. వాళ్లను 2005 నాటి ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ సినిమా మళ్లీ చూడమంటాను, పాటల కోసం కాదు, హీరోయిన్ అన్నగా వేసిన శ్రీహరి కోసం.

ఆ అన్నకు హీరో మాటల మీద నమ్మకం లేదు. తనకంటే ఎక్కువ పంట పండించి చూపించమంటాడు. డబ్బున్న కుర్రాడు అందరి కళ్లముందూ మట్టిలోకి దిగుతాడు. కష్టం కంటికి కనబడితే అనుమానం కరుగుతుంది. మన వేరుశనగ రైతుకైతే ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మొదటిరోజే పెళ్లి మాట ఎత్తొద్దు. ‘నాన్నా, ఒక్కసారి ఆ అబ్బాయితో టీ తాగు’ అనండి, అంతే. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే సైకాలజిస్టులు కాలిఫోర్నియాలో ఇదే పరీక్షించారు. ఇంటిముందు ‘జాగ్రత్తగా నడపండి’ అని డ్రైవర్లకు చెప్పే పెద్ద బోర్డు పెట్టుకుంటారా అని నేరుగా అడిగితే 17 శాతం మందే సరేనన్నారు. ముందు అదే విషయం మీద చిన్న బోర్డు పెట్టమని అడిగిన వాళ్లలో 76 శాతం మంది ఒప్పుకున్నారు.

టీ అయ్యాక అబ్బాయి ఉద్యోగం, అప్పులు దాచకుండా చెప్పాలి. తర్వాత నాన్న గౌరవించే మేనమామ చేత మాట్లాడించండి. చచ్చిపోతామని మాత్రం బెదిరించొద్దు, భయంతో అన్న ‘సరే’ నిలబడదు.

ఇదంతా ఇద్దరికీ ఇష్టమైతేనే. అమ్మాయే వద్దంటే అక్కడితో ఆపేయండి.