ఎన్నాళ్లు ప్రభువా: కష్టకాలంలో విలాప కీర్తనలతో ప్రార్థించే పద్ధతి

కష్టం ముదిరేకొద్దీ చాలామంది ప్రార్థనలోకి అబద్ధం వచ్చి చేరుతుంది. లోపల గుండె మండిపోతుంటుంది, నోరు మాత్రం "స్తోత్రం ప్రభువా, అంతా నీ చిత్తం" అంటుంది. కొన్నాళ్లకు ఆ మాటలు నోట్లోనే ఎండిపోతాయి. మోకాళ్లూనినా ఏం చెప్పాలో తోచదు. చివరికి ఆదివారం గుడికి వెళ్లడం మిగులుతుంది, ప్రార్థన ఆగిపోతుంది. విశ్వాసం పోయిందేమోనని భయపడతారు గానీ, చాలాసార్లు అక్కడ పోయింది నిజం చెప్పే అలవాటు.

బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, వీటినే విలాప కీర్తనలంటారు. "ఎందుకు", "ఎంతకాలం", "నన్నెందుకు మరిచావు" అని దేవుణ్ణే నిలదీసిన మాటలవి. వాటిని తీసేయకుండా గుడిలో పాడుకునే పాటల్లోనే చేర్చి ఉంచారు. సిలువ మీద యేసు అరిచిన "ఏలీ ఏలీ లామా సబక్తానీ" (నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు) కూడా 22వ కీర్తన మొదటి మాటే. కాబట్టి ఫిర్యాదు చేయడం అవిశ్వాసమని ఎవరైనా అంటే దాన్ని మనసుకు పట్టించుకోకండి. దేవుడు వింటాడని లోలోపల నమ్మనివాడు ఆయనకు ఫిర్యాదు ఎందుకు చేస్తాడు?

ముందు తిండి, నిద్ర

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండకు నడక, అక్కడ దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడటం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతి. రెండు రాత్రులు నిద్రలేని మనిషి ఉపవాస ప్రార్థనకు కూర్చుంటే దిగులు ఇంకా పెరుగుతుంది. కష్టం కొత్తగా మీద పడిన వారంలో ఉపవాసం పెట్టుకోకండి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అసలే వద్దు.

కీర్తన ఎంచుకోవడం

మొదటి పేజీ నుంచి వరుసగా చదవడం ఈ పనికి సరిపడదు. మీ బాధకు దగ్గరగా ఉన్నది ఒకటి పట్టుకోండి. రాత్రిళ్లు ఏడుపు ఆగకపోతే 6. జబ్బు చేసి దగ్గరివాళ్లు కూడా దూరమైతే 38. నమ్మిన స్నేహితుడు మోసం చేస్తే 55, అందులో 12 నుంచి 14 వచనాలు. అప్పుల్లోనో కేసుల్లోనో పీకల దాకా మునిగితే 69, అది ఊబిలో కాలు ఆననివాడి మొర. ముసలితనంలో ఒంటరితనానికి 71. మన తప్పు వల్లే వచ్చిన కష్టానికి 51. అన్యాయం చేసినవాళ్లు హాయిగా బతుకుతుంటే 73. ఏదీ తేల్చుకోలేకపోతే 13తో మొదలుపెట్టండి. ఆరే వచనాలు, విలాపం నడక మొత్తం అందులో ఉంది.

ఒకే కీర్తనను కనీసం వారం రోజులు వాడాలి. రోజుకొకటి మారిస్తే అది బైబిలు పఠనం అవుతుంది, మంచిదే, కానీ మొర మాత్రం లోతుకు దిగదు.

13వ కీర్తనతో పదిహేను నిమిషాలు

ఒక నోటుబుక్కు, పెన్ను, బైబిలు దగ్గర పెట్టుకోండి. ఫోన్లో బైబిలు చదివేవాళ్లు నెట్ ఆపేయండి, లేకపోతే మూడో వచనం దగ్గర వాట్సాప్ మోగుతుంది. కీర్తన మొత్తం ఒకసారి పెదవులు కదిలేలా చదవండి. ఇంట్లో ఏకాంతం లేదంటారా? బిడ్డల్లేని బాధతో హన్నా గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించింది, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఒక గదిలో ఆరుగురు పడుకునే గల్ఫ్ క్యాంపులో ఉన్నవాళ్లకైనా ఆ పద్ధతి సరిపోతుంది.

మొదటి రెండు వచనాలు ఫిర్యాదు. అందులో "ఎన్నాళ్లు", "ఎంతకాలం" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. మొదట దేవుడి మీద, తర్వాత తన మనసు మీద, ఆపైన శత్రువు మీద. మీరూ ఆ మూడు వైపులా రాయండి. "నువ్వు నన్ను పట్టించుకోవడం లేదనిపిస్తోంది" ఒక వైపు. "రాత్రి రెండింటికి మెలకువ వచ్చి లెక్కలు వేసుకుంటున్నాను" ఒక వైపు. "అన్న నా వాటా ఇవ్వనని పదిమందిలో నవ్వాడు" ఇంకో వైపు. బాధ, సమస్య, పరిస్థితి లాంటి మొద్దు మాటలు వద్దు. మనిషి, రోజు, రూపాయలు కనబడాలి. దీనికి ఐదారు నిమిషాలు ఇవ్వండి. చాలామంది తడబడేది ఇక్కడే. రెండు వాక్యాలు రాయగానే తప్పు చేస్తున్నామన్న జంకు పుట్టి స్తుతిలోకి పారిపోతారు. ఆ జంకు వచ్చినప్పుడు ఇంకో రెండు వాక్యాలు రాయండి.

మూడు, నాలుగు వచనాలు మనవి. నావైపు చూడు, జవాబివ్వు, నా కన్నులకు వెలుగివ్వు. మూడూ చిన్న మాటలే, సూటిగా ఉన్నాయి. "మమ్మల్ని దీవించు" అని రాస్తే అది నెరవేరిందో లేదో ఎప్పటికీ తెలియదు. "పదో తేదీ వాయిదాకు నాలుగు వేలు తక్కువున్నాయి, దారి చూపించు" అని రాయండి. పెద్ద మనవి ఒకటి, ఈ ఒక్క రోజుకు సరిపడే చిన్న మనవి ఒకటి. పెద్దదానికి ఏళ్లు పట్టొచ్చు. చిన్నదానికి సాయంత్రానికే జవాబు కనబడొచ్చు. "రేపు స్కానింగ్ గదిలోకి వెళ్లేటప్పుడు కాళ్లు వణకకుండా చూడు" అన్నది కూడా మనవే.

ఐదో వచనం "నేనైతే" అన్న మాటతో తిరుగుతుంది. కీర్తనకు కీలు అదే. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. శత్రువు అక్కడే ఉన్నాడు. అయినా దావీదు "నేనైతే నీ కృపను నమ్ముకున్నాను" అనే అర్థంతో మాట్లాడతాడు. మీరు కూడా "నేనైతే" అని రాసి, దాని పక్కన ఇవాళ నిజంగా అనగలిగినంత వరకే రాయండి. "నేనైతే ఇంకా నిన్నే అడుగుతున్నాను" అన్నా చాలు. కొన్ని రోజులు ఆ మాట పక్కన ఏమీ రాయలేరు. ఖాళీ వదిలేసి తేదీ వేసి పుస్తకం మూసేయండి.

ఆరో వచనం గతాన్ని తలుచుకుంటుంది, దేవుడు నాకు మేలు చేశాడని. ఇక్కడ ఒక్క సంగతి రాయండి, అది మీ బతుకులోదే అయి ఉండాలి. ఆపరేషన్ అప్పుడు రక్తం దొరకడమో, ఫీజు కట్టాల్సిన రోజు ఎవరో డబ్బు సర్దడమో. 77వ కీర్తన పని చేసేది కూడా ఇలాగే. సగం దాకా "దేవుడు కనికరించడం మరిచాడా" అని అడిగి, తర్వాత పాత కార్యాలను గుర్తు చేసుకోవడానికి కూర్చుంటుంది. కానీ వరుస ముఖ్యం. ఫిర్యాదు కంటే ముందే మేళ్ల జాబితా పెట్టుకుంటే అది నోరు నొక్కే గుడ్డ అవుతుంది.

వారం గడిచాక

ఏడో రోజు వెనక్కి వెళ్లి మీరు రాసినవే చదవండి. చిన్న మనవుల్లో తీరినవాటి పక్కన టిక్కు పెట్టండి. తీరనివాటిని కొట్టేయకండి, తర్వాతి వారానికి దించుకోండి. ఫిర్యాదు మాటలు మారుతున్నాయేమో చూడండి. "అన్న నవ్వాడు" ఉన్నచోట "అమ్మ కూడా అన్న పక్షమే" అని వస్తే అసలు గాయం బయటపడిందన్నమాట. 42, 43 కీర్తనల్లో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న పల్లవి మూడుసార్లు వస్తుంది. ఒకసారి అనుకుంటే దిగులు దిగిపోలేదు కాబట్టే మళ్లీ మళ్లీ అన్నాడు. కనుక ఏడు రోజుల్లో బరువు తగ్గలేదని పద్ధతిని వదిలేయనక్కర్లేదు.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నింటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది వాగ్దాన వచనాల దగ్గర. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డును ఏడాదంతా గోడకు అంటించుకుంటారు. మార్చిలో ఉద్యోగం పోతే దేవుడు మాట తప్పాడనిపిస్తుంది. ఎక్కువగా కనబడే వచనం యిర్మీయా 29:11, మీకు నిరీక్షణ కలిగేలా సమాధానకరమైన ఉద్దేశాలున్నాయన్నది. ఆ ఉత్తరం బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు రాసింది. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. అంటే రేపే విడుదల అని చెప్పలేదు, పరాయి నేల మీద కూడా బతకడం మొదలుపెట్టమంది. ఏ వాగ్దానం పట్టుకున్నా ఆ అధ్యాయం మొత్తం చదివాకే గోడకు అంటించండి.

రెండోది బేరం. "ఇది చేస్తే అది ఇస్తాను" అని మొక్కుకోవడం విలాపం కాదు. ఎవరైనా ఇంత కానుక పంపితే, ఫలానా ప్రార్థన నూనె కొంటే అప్పు తీరుతుందంటే డబ్బు పంపకండి. రెండవ రాజుల గ్రంథం 4లో అప్పులవాడు కొడుకుల్ని పట్టుకుపోబోయిన విధవరాలి దగ్గర ప్రవక్త ఎలీషా ఏమీ పుచ్చుకోలేదు. నూనె అమ్మి అప్పు తీర్చుకో, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు.

ఇతరుల సాక్ష్యాలతో పోల్చుకోవడం మూడోది. సాక్ష్యం చెప్పేవాళ్లు జవాబు వచ్చాకే మైకు పట్టుకుంటారు, ఎదురుచూస్తున్నవాళ్లకు మైకు ఇవ్వరు. అపొస్తలుడు పౌలు "శరీరంలో ముల్లు" అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది.

కోపం సంగతి కూడా ఉంది. 109, 137 కీర్తనల్లో శాపాల్లాంటి మాటలు చూసి జడుసుకోకండి. ఆ కసిని దేవుడి దగ్గర కక్కాక, అదే మాటలు ఫోన్ చేసి ఎదుటివాడికి వినిపించకుండా ఉండటమే అందులో మేలు.

మందులు, మనుషులు

చావుకు దగ్గరైన జబ్బుతో ఉన్న హిజ్కియా రాజుకు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగిస్తానన్నాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని ప్రవక్త యెషయా చెప్పాడు. మాట ఇచ్చినచోటే కట్టు కూడా ఉంది. ప్రార్థన చేస్తున్నామని ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, మానసిక వైద్యుడిచ్చిన మందులు ఆపేయకండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, తిండి నిద్ర పూర్తిగా చెడిపోయినా డాక్టరును కలవండి. చావాలన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకుండా వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రార్థన మనవి ఎవరికి చెప్పాలో కూడా చూసుకోవాలి. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట సాయంత్రానికి ఊరు చుట్టి వస్తుంది. ఇద్దరు చాలు. విని ఊరుకోగలిగినవాళ్లు, "పాపం ఏదో చేసుంటావు" అనని వాళ్లు. పాస్టరుగారికి చెప్పేటప్పుడు "ఇది మన మధ్యే ఉండాలండీ" అని ముందే అడగడంలో మర్యాద తప్పేమీ లేదు.

ఏమీ మారనప్పుడు

88వ కీర్తన ఉంది. హేమాను పేరుతో ఉన్న మొర అది. "నేనైతే" అన్న మలుపు లేదు, చివర స్తుతి లేదు. చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. సంతోషంగా ముగిసే కీర్తన చదివితే ఒళ్లు మండే రోజుల్లో దీన్ని చదవండి. ఆ మొర రాత్రీ పగలూ దేవుడి పేరు పెట్టే పిలుస్తుంది, అందులో ఉన్న నమ్మకం అంతే. కొన్ని నెలలు అంతే ఉంటుంది.

కష్టంలో ఉన్నవాళ్లింటికి వెళితే

పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పి కారణాలు వెతకడం మొదలుపెట్టాక, చివరి అధ్యాయంలో దేవుడే వాళ్లని తప్పుపట్టాడు. అందుకని "అంతా మన మంచికే", "నీ విశ్వాసం చాలలేదేమో" అన్న రెండు మాటలూ గుమ్మం బయటే వదిలేయండి. కూర్చోండి. వాళ్లు అడిగితే 13వ కీర్తన నెమ్మదిగా చదవండి, వివరించకండి. ప్రార్థన రెండు నిమిషాలు దాటనివ్వకండి. క్యారేజీలో తెచ్చిన అన్నం, పప్పు వంటింట్లో పెట్టి, గిన్నెలు రేపు తీసుకెళ్తానని చెప్పి రండి. రేపు మళ్లీ వెళ్లడానికి గిన్నెలున్నాయి కదా.