ఊరి పటం ఊరోళ్లతోనే గీయించడం ఎలా?

అనంతపురం పల్లెల్లో వాననీళ్లు నిలబెట్టే వాటర్‌షెడ్ పనుల రోజుల నుంచి, ఊర్లో ఏ పని యాడ కావాలో తేల్చే ఈ పటాలు గీయిస్తానే ఉన్నా, ఇప్పటికీ కొత్తగా వచ్చే పిల్లోళ్లు గూగుల్ మ్యాప్ ప్రింట్ తీసుకొచ్చి నలుగురి చేత సంతకాలు పెట్టించుకొని అయిపోయింది సార్ అంటారు. అది పటం కాదు, హాజరు పట్టీ.

కావాల్సినవి: ముగ్గుపిండి, ఇటుకపొడి, బొగ్గు, చింతగింజలు, వేపాకు, చివర్లో ఎక్కించుకోడానికి ఒక చార్ట్, స్కెచ్ పెన్నులు. అంతే. నేలమీదనే గీయాల. పేపర్ మీద మొదలుపెడితే పెన్ను చదువుకున్నోడి చేతికే పోతాది, తప్పు పడితే చెరపలేరు. ముగ్గుపిండి అయితే ఆడోళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

చెనక్కాయ పీకే రోజుల్లో పోవద్దు, ఎవరూ దొరకరు. రచ్చకట్ట దగ్గర అసలు పెట్టొద్దు, ఎస్సీ కాలనీ ఆడోళ్లు ఆడికి వచ్చినా ఎనకాలే నిలబడతారు. బడి ముందర జాగా మేలు.

బడో గుడో ఏదో ఒకదానికి రాయి పెట్టించి మొదలుపెట్టండి. ఉత్తరం పైకి ఉండాలని పీడించొద్దు, బాణం గుర్తు చివర్లో వేసుకోవచ్చు. దారులు, వంకలు (వాగులు), చెరువు, ఇండ్లు గీయించండి. ఇంటికొక చింతగింజ, నీళ్లొచ్చే బోరుకు వేపాకు, ఎండిన బోరుకు బొగ్గు. మా పక్క బొగ్గు కాస్త ఎక్కువే తీస్కపోండి.

ఇప్పుడు అసలు కథ. ముగ్గుపిండి ఎవరి చేతిలో ఉంది? పల్లెల అభివృద్ధి మీద పనిచేసిన రాబర్ట్ చాంబర్స్ అనే పరిశోధకుడు గీసే కర్ర ఊరోళ్ల చేతికియ్యండి అని ఎప్పుడో చెప్పినాడు, అందరూ ట్రైనింగుల్లో తలూపుతారు, ఊర్లోకి పోతానే కర్ర మళ్లీ లాక్కుంటారు. నేనూ చేసినా ఆ పని. ఒక ఊర్లో వంక వంకరగా గీస్తాంటే ఆగలేక నేనే సరిచేసినా, అంతే, అందరూ చేతులు దులుపుకొని నా మొహం చూస్తా కూర్చున్నారు. ఇంకొక్క గీత పడలా.

అందుకే చెప్తాండా, పిండి ఇచ్చినాక నాలుగడుగులు ఎనక్కి పోయి కూర్చోండి. తప్పు గీసినా సరే నోరు తెరవొద్దు, తప్పును పక్కనోళ్లే పట్టుకుంటారు. ఒకసారి పక్కనోళ్లు గీసిన వంకను ఒక అవ్వ అరచేత్తో తుడిచేసి, "ఇట్ల పోదప్పా, మా చేను గట్టు కిందినుంచి పోతాది, మీరు ఆడ చెక్‌డ్యాం కడితే నీళ్లు యాడ నిలుస్తాయి?" అనింది. ఎండాకాలం శాటిలైట్ ఫోటోలో ఆ వంక ఉత్త ఇసక గీత, వానకి అది ఏ పక్క పొర్లుతాదో ఆ అవ్వకే తెలుసు. పెద్దమనిషి ఎవరన్నా దూరి అన్నీ తానే చెప్తాంటే కాదనొద్దు, అన్నా మీ చెరువు మరవ (నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) చూపిస్తావా అని పక్కకి పిల్చకపోండి. మగోళ్లది ఒకటి, ఆడోళ్లది ఒకటి, రెండు పటాలు గీయించాల, ఇది నా లెక్క. మగోళ్ల దాంట్లో పొలాలూ బోర్లే నిండుతాయి, కొళాయి యాడ ఆగిపోయిందో, కట్టెలకి ఎంత దూరం పోతారో ఆడోళ్ల దాంట్లోనే తేలేది. తర్వాత రెండూ పక్కపక్కన చూపిస్తే కొట్లాట మొదలైతాది, భయపడొద్దు, రాసుకోండి.

అయినాక మేకలు తొక్కకముందే ఫోటో తీసి చార్ట్‌మీదకి ఎక్కించండి. మరుసటి రోజు ఇద్దరు ముగ్గురితో ఊరి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి సరిచూడాల, ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు అప్పుడు తీసుకోండి, ముందు కాదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, అయినా ఇప్పటికీ ఏ కుంట పూడిక తీయాలో ఆఫీసులో కూర్చొని రాసే ఊర్లు నేను చూసినా. గ్రామసభకి ఈ చార్ట్ తీస్కపోయి, పని యాడ కావాలో వేలు పెట్టి చూపించమనండి, తీర్మానంలో ఆ జాగా పేరు రాయించేదాకా లేవొద్దు. ఇంకొకటి, అసలు చార్ట్ ఊర్లోనే ఉండాల, మీరు జిరాక్స్ తెచ్చుకోండి.