టెన్స్ తప్పుతోందా? ముందు మీ తెలుగు వాక్యం చివర చూడండి

పన్నెండు టెన్సుల పట్టిక గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా ఒక సెలవు చీటీ రాయాల్సి వస్తే మధ్యలో ఆగిపోతారు. సాయంత్రాలు ఇంగ్లిష్ చెబుతూ కట్టలకొద్దీ కాగితాలు దిద్దాను. పట్టిక రాక తప్పు రాసినవాళ్లు చాలా తక్కువ. తెలుగులో ఒక్క క్రియారూపం చేసే పనిని ఇంగ్లిష్‌లో రెండు మూడు రూపాలు పంచుకుంటాయి. ఆ పంపకం దగ్గరే అందరూ తడబడతారు. ఇక్కడ చెప్పేవన్నీ ఆ కాగితాల్లో పదే పదే కనబడిన తప్పులే.

సమస్య: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015."

కారణం: "ఇప్పుడు పనిచేస్తున్నాను" అన్నా, "2015 నుంచి పనిచేస్తున్నాను" అన్నా మనకు "చేస్తున్నాను" ఒక్కటే. ఎప్పటి నుంచో "నుంచి" చెప్పేస్తుంది కాబట్టి క్రియ మారక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం క్రియ కూడా మారాలి.

పరిష్కారం: మీ తెలుగు వాక్యంలో "నుంచి" గానీ, "పదేళ్లుగా" అన్నప్పుడు వచ్చే "గా" గానీ ఉండి, ఆ పని ఇంకా సాగుతూంటే "యామ్" తీసేసి "హ్యావ్ బీన్" పెట్టండి. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015." మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. "తెలుసు" లాంటి క్రియలకు ఐఎన్‌జీ తగిలించకూడదు. "ఆయన నాకు పదేళ్లుగా తెలుసు" అంటే "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్."

సమస్య: "ఐ హ్యావ్ సెంట్ ద ఫామ్ ఎస్టర్‌డే."

కారణం: "పంపాను" అనే మాట "సెంట్", "హ్యావ్ సెంట్" రెండింటికీ సరిపోతుంది. పైగా "హ్యావ్" పెడితే మర్యాదగా ఉంటుందని చాలామంది నమ్మకం.

పరిష్కారం: నిన్న, పోయిన వారం, 2019లో అని అయిపోయిన సమయం చెప్పారా, "హ్యావ్" కొట్టేయండి. "ఐ సెంట్ ద ఫామ్ ఎస్టర్‌డే." ఎప్పుడో చెప్పకుండా పంపేశానని మాత్రమే చెప్పాలంటే "ఐ హ్యావ్ సెంట్ ద ఫామ్."

సమస్య: "ద ఫైల్ ఈజ్ సెంట్ ఎస్టర్‌డే."

ఆఫీసు కాగితాల్లో ఎక్కువగా దొర్లేది ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

కారణం: "సెంట్" చూడగానే అందులోనే గతం ఉందనిపిస్తుంది. కానీ పాసివ్‌లో, అంటే చేసినవాళ్లను పక్కనపెట్టి పని దేనికి జరిగిందో దాన్నే కర్తగా పెట్టే వాక్యంలో, క్రియ మూడో రూపం (సెండ్, సెంట్, సెంట్‌లో చివరిది) ఏ కాలానికైనా అలాగే ఉంటుంది. కాలం చెప్పే పనంతా దాని ముందున్న చిన్న మాటలదే.

పరిష్కారం: రాత్రి తొమ్మిదికి కిరాణా కొట్టు షట్టర్ దించడం ఊహించుకోండి. రోజూ తొమ్మిదికి దించుతారు: "ద షట్టర్ ఈజ్ పుల్డ్ డౌన్ ఎట్ నైన్." మీరు సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి షట్టర్ సగానికి వచ్చింది, ఇంకా దించుతున్నారు: "ఈజ్ బీయింగ్ పుల్డ్ డౌన్." ఇప్పుడే దించేశారు, ఇక పప్పు దొరకదు: "హ్యాజ్ బీన్ పుల్డ్ డౌన్." నిన్న తొమ్మిదికి దించారు: "వాజ్ పుల్డ్ డౌన్ ఎట్ నైన్ ఎస్టర్‌డే." రేపు బంద్ కాబట్టి మధ్యాహ్నమే దించేస్తారు: "విల్ బీ పుల్డ్ డౌన్ ఎట్ నూన్." అయిదు వాక్యాల్లోనూ "పుల్డ్ డౌన్" కదల్లేదు, ముందున్న మాటలే మారాయి. కాబట్టి ముందు ఆ చిన్న మాటను కాలానికి తగ్గట్టు పెట్టుకుని, ఆ తర్వాతే మూడో రూపం రాయండి. నిన్న పంపిన ఫైలుకు "వాజ్ సెంట్".

వాయిస్ మార్చమన్న ప్రశ్నల్లో "బీయింగ్" వదిలేసి మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే. యాక్టివ్‌లో ఐఎన్‌జీ ఉంటే పాసివ్‌లో "బీయింగ్" ఉండి తీరాలి. కొత్త కర్త బహువచనమైతే "వాజ్" కాస్తా "వర్" అవుతుంది.

సమస్య: "యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్." "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ డైడ్."

ఈ రెండో వాక్యం ఒక కుర్రాడి సెలవు చీటీలోది. దాని మీద ఎర్ర పెన్ను పెట్టడానికి చెయ్యి రాలేదు. అతను ఊరి నుంచి తిరిగొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

కారణం: ఎవరూ కావాలని చేసింది కాదు, దానంతటది జరిగింది కాబట్టి పాసివ్ అనుకుంటారు.

పరిష్కారం: క్రియను "ఎవరిని?" లేదా "దేన్ని?" అని అడగండి. పంపారు, దేన్ని? ఫైలుని. జవాబుంది, పాసివ్ కుదురుతుంది. జరిగింది, దేన్ని? ప్రశ్నే అతకదు. హ్యాపెన్, డై, కమ్, గో, అరైవ్ అన్నీ ఇంతే. "యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్." "మై గ్రాండ్‌ఫాదర్ డైడ్ ఎస్టర్‌డే."

దీనికి ఎదురుగా ఒకటుంది. "ఐ బోర్న్ ఇన్ 1990" అని రాస్తారు. తెలుగులో "పుట్టాను" మనం చేసిన పనిలాగే వినిపిస్తుంది. ఇంగ్లిష్ మాటకు మూలం "కనడం". కన్నది అమ్మ, అది నేను చేసిన పని కాదు. అందుకే "ఐ వాజ్ బోర్న్."

సమస్య: యాక్టివ్ రాయాలా, పాసివ్ రాయాలా తేలడం లేదు.

కారణం: పాసివ్ అంటే "బడు" అని పాఠ్యపుస్తకం నేర్పింది. కానీ "చార్మినార్ 1591లో కట్టబడింది" అని ఇంట్లో ఎవరం అంటాం? "1591లో కట్టారు" అంటాం. మన నోటి పాసివ్ నిజానికి ఇదే: క్రియ చివర "ఆరు" ఉంటుంది, ఎవరో మాత్రం చెప్పం.

పరిష్కారం: దొంగని పట్టుకున్నారు, కరెంటు తీసేశారు, పరీక్ష వాయిదా వేశారు. ఇలా కర్త లేకుండా "ఆరు" వినబడితే ఇంగ్లిష్‌లో పాసివ్ రాయండి. "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591." "ద థీఫ్ వాజ్ కాట్." చివర "బై సమ్‌బడీ" అని తగిలించక్కర్లేదు. చేసిన మనిషి గురించే చెప్పాలనుకుంటే యాక్టివ్. గోదావరి జిల్లాలవాళ్లు ధవళేశ్వరం ఆనకట్ట మాట ఎత్తితే కాటన్ దొరతోనే మొదలుపెడతారు. అక్కడ "కాటన్ బిల్ట్ ద ఆనికట్" అనడమే సహజం.

ఒక్క చోట మాత్రం ఈ గుర్తు పనిచేయదు. "ఆర్నెల్లుగా రోడ్డు వేస్తున్నారు" అనే వాక్యంలో "ఆరు" ఉంది, కర్త లేదు. అలాగని పాసివ్‌లో పెడితే "హ్యాజ్ బీన్ బీయింగ్ లెయిడ్" అవుతుంది, అలా దాదాపు ఎవరూ రాయరు. పన్నెండు టెన్సుల్లో నాలుగింటికి వాడుకలో పాసివ్ లేదనే చెప్పాలి: పర్ఫెక్ట్ కంటిన్యుయస్ మూడు, ఫ్యూచర్ కంటిన్యుయస్ ఒకటి. అలాంటప్పుడు "దే హ్యావ్ బీన్ లేయింగ్ ద రోడ్ ఫర్ సిక్స్ మంత్స్" అని యాక్టివ్‌లోనే రాసేయండి.